తల చూపి దాగే చిలికా ‘కొత్త కోడలు’

వలలోకి చేపల్ని తోలే డాల్ఫిన్‌.. నోటితో నీళ్లు చిమ్మే డాల్ఫిన్‌
మూడు దశాబ్దాల తర్వాత గంజాం ఒడ్డుకు చుట్టం చూపు

బరంపురం: నీళ్ల మీద ఓ గుండ్రటి తల లేస్తుంది. పొడుగాటి ముక్కు ఉండదు. బూడిద రంగులో, బోడిగుండులా నున్నగా ఉంటుంది. ‘అదిగో’ అని వేలు చూపేలోగా మునిగిపోతుంది. వెంటనే వీపు వంపు, దాని మీద చిన్న రెక్క కనిపిస్తాయి. అంతే! కెమెరా సర్దుకునేసరికి మిగిలేది సుడి తిరిగిన నీళ్లే. ఒకటి, రెండు నిమిషాల తర్వాత మళ్లీ లేస్తుంది కానీ ఎటు పక్కన లేస్తుందో చెప్పడం పడవ నడిపేవాడి వల్ల కూడా కాదు.

చిలికా సరస్సులో ఉండే ఇరావతి డాల్ఫిన్‌ తంతు ఇది. దీన్ని ఇక్కడివారు ‘భుఆసుణి మగర’ అని కూడా పిలుస్తారు. ఒడియా ఇళ్ల పక్కన పుట్టి పెరిగిన బరంపురం తెలుగువారికి ‘బొహూ భుఆసుణి’ అనే మాట కొత్త కాదు. అత్తింట అడుగుపెట్టిన కొత్త కోడలని అర్థం. ముసుగు కాస్త తొలగించి, అందరూ చూసేలోగా లోపలికి తప్పుకునే కోడలి వాలకానికీ, ఈ జీవి నడతకీ ఆ పేరు అతికినట్టు సరిపోయింది.

టీవీల్లో చూసే డాల్ఫిన్లు బంతి ఆడతాయి, రింగుల్లోంచి దూకుతాయి. చిలికా డాల్ఫిన్‌ది అలాంటి హడావుడి కాదు. ఇది గాల్లోకి ఎగిరేది బహు అరుదు. పడవ ముందు అలల మీద స్వారీ చెయ్యదు. మనిషి కంటపడితే తప్పుకునే సిగ్గరి. కానీ వేట దగ్గరకొచ్చేసరికి మాత్రం మనిషి వలనే అడ్డు పెట్టుకుని పని కానిచ్చుకునే గడుసుది!

పేరు ఇరావతిది.. పుట్టిల్లు విశాఖ

పేరు విని ఇది బర్మా నుంచి వచ్చిందనుకుంటే పొరపాటే. శాస్త్ర ప్రపంచానికి ఈ జీవి మొదట పరిచయమైంది మన విశాఖపట్నంలోనే. 1852లో విశాఖ రేవులో దొరికిన ఒక డాల్ఫిన్‌ను ఆధారం చేసుకుని, లండన్‌లోని ప్రఖ్యాత జీవశాస్త్రవేత్త రిచర్డ్‌ ఓవెన్‌ 1866లో దీన్ని ప్రత్యేక జాతిగా లోకానికి చెప్పారు. ‘డైనోసార్‌’ అనే మాట పుట్టించింది కూడా ఈయనే.

విశాఖ డాల్ఫిన్‌ను లండన్‌కు చేర్చినవారు వాల్టర్‌ ఇలియట్‌. మద్రాసు ప్రభుత్వంలో ఉత్తర సర్కారుల కమిషనర్‌గా చేసిన దొర. అమరావతి స్తూపం శిల్పాలను తవ్వించి మద్రాసుకు తరలించింది కూడా ఈయనే. అప్పట్లో గంజాం కూడా మద్రాసు రాజధానిలో భాగం. 1936 ఏప్రిల్‌ 1న ఒడిశా ఏర్పడే వరకూ అదే లెక్క.

శాస్త్రీయ నామం ‘ఆర్సెల్లా బ్రెవిరోస్ట్రిస్‌’. బ్రెవిరోస్ట్రిస్‌ అంటే పొట్టి ముక్కుది అని. తర్వాత జాన్‌ అండర్సన్‌ అనే శాస్త్రవేత్త బర్మాలోని ఇరావతి నదిలో వీటిని పరిశీలించి విస్తారంగా రాయడంతో ఆ నది పేరే స్థిరపడిపోయింది. లేకుంటే ఈపాటికి ప్రపంచమంతా ‘విశాఖ డాల్ఫిన్‌’ అని పిలుస్తూ ఉండేదేమో! చిలికా జీవరాశుల మీద గత శతాబ్దం రెండో దశకంలో జరిగిన సర్వేలో, జంతుశాస్త్రవేత్త నెల్సన్‌ అనండేల్‌ 1915లోనే వీటిని నమోదు చేశారు.

ఉమ్మేస్తుంది సుమా!

పెరిగిన డాల్ఫిన్‌ రెండు నుంచి రెండుముప్పావు మీటర్ల పొడవు ఉంటుంది. బరువు 90 నుంచి 200 కిలోల దాకా. చేప కాదు, మనలాగే పాలిచ్చే జంతువు. కడుపుతో ఉండేది సుమారు 14 నెలలు. పుట్టిన పిల్లే మీటరు పొడవు ఉంటుంది. ఊపిరి తీసుకోవడానికి మాటిమాటికీ పైకి రావాల్సిందే. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే దీని కష్టాలన్నీ అర్థమవుతాయి.

చాలా డాల్ఫిన్లకు మెడ బిరుసు. తల తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాలి. దీనికి మెడ ఎముకలు చాలావరకు విడివిడిగా ఉండటంతో తల అటూ ఇటూ ఆడించగలదు. మెడ దగ్గర మడత కూడా కనిపిస్తుంది. అప్పుడప్పుడు నిలువుగా లేచి, తల పైకెత్తి చుట్టూ చూస్తుంది. తోకతో నీళ్ల మీద చరుస్తుంది. ఒక పక్కకు ఒరిగి ఈత కొడుతుంది.

అన్నిటికంటే వింతైంది ఉమ్మడం. నోటి నిండా నీళ్లు పట్టి పిచికారీ కొట్టినట్టు చిమ్ముతుంది. ఆ ధార ఒకటిన్నర మీటర్ల దూరం వెళ్తుంది. చూసేవాళ్లకు ఆట. దానికి మాత్రం వేట అంటున్నారు శాస్త్రవేత్తలు. ఉమ్మి నీటిని చెదరగొట్టి చేపల గుంపును ఒక మూలకు తోలుకోవడానికే ఈ ఎత్తు అని వారి అంచనా.

చిలికా నీరు చాలాచోట్ల బురద బురదగా ఉంటుంది. కళ్లు పెద్దగా పనికిరావు. అందుకే డాల్ఫిన్‌ ‘టిక్‌ టిక్‌’ మని సన్నటి శబ్దాలు పంపి, అవి ఎదుటి వస్తువుకు తగిలి తిరిగొచ్చే తీరును బట్టి చేప ఎక్కడుందో, వల ఎక్కడుందో కనిపెడుతుంది. గబ్బిలం చీకట్లో చేసే పనే ఇది నీళ్లలో చేస్తుంది.

జాలరికి తోడు.. వలకి కాపలా

చిలికా మీద బతికేది ఒక కులం, ఒక భాష కాదు. కెవుట, కండరా, తియర వంటి ఒడియా జాలరులతో పాటు, తెలుగు మాట్లాడే నోలియాలు కూడా ఇక్కడ వేట సాగిస్తారు. గోపాలపురం, ఆర్జిపల్లి తీరాల్లో ఉన్న మన వాడబలిజలు, జాలరుల బంధువర్గమే వీరు. వీరందరూ ఒప్పుకొనే మాట ఒకటుంది. డాల్ఫిన్‌ తిరిగేచోట వల నిండుతుందని.

ఇది వట్టి నమ్మకమా, నిజమా? పరిశోధకురాలు కోరలీ డిలిమా, ఆమె సహచరులు చిలికాలో ఈ సంగతి తేల్చడానికి కూర్చున్నారు. గుంజలు పాతి కట్టే వలల దగ్గర డాల్ఫిన్లు ఏం చేస్తున్నాయో గమనించారు. అవి వచ్చిన రోజు, రాని రోజు జాలరికి దక్కిన చేపను తూకం వేసి చూశారు. 2014లో అచ్చయిన ఆ అధ్యయనం జాలరి మాటే నిజమంది. మేత కోసం తిరిగే డాల్ఫిన్లు సగం సమయం ఆ వలల దగ్గరే గడుపుతున్నాయట. అవి ఉన్నప్పుడు మల్లెట్‌ జాతి చేపలు (బరంపురం బజారులో మనం ‘ఖొయింగా’ అని బేరమాడే రకం) ఎక్కువగా పడ్డాయి. జాలరి ఆదాయమూ పెరిగింది.

ఇందులో కిటుకు తేలికే. బారుగా కట్టిన వల డాల్ఫిన్‌కు గోడలా పనికొస్తుంది. చేపల్ని ఆ గోడ వైపు తోలి, తప్పించుకునే దారి లేకుండా చేసి తింటుంది. బెదిరిన చేపల్లో కొన్ని డాల్ఫిన్‌ నోట్లోకి, మిగిలినవి వలలోకి పోతాయి. ఎవరి వాటా వారిది. ఒప్పంద పత్రం లేదు, తగవూ లేదు. డాల్ఫిన్‌ను చిలికా జాలరి దేవుడి మనిషిగా చూడటానికి ఇది కూడా ఓ కారణమే.

పిలిస్తే పలుకుతాయి

చిలికాలో ఇది మాటల్లేని స్నేహం. బర్మాలోని ఇరావతి నదిలో అయితే పిలుపులు, జవాబులు కూడా ఉన్నాయి. అక్కడి జాలరి పడవ అంచు మీద కొయ్యముక్కతో టకటకా తడతాడు. గొంతుతో వింత శబ్దం చేస్తాడు. డాల్ఫిన్లు వస్తాయి. చేపల గుంపును చుట్టుముట్టి పడవ వైపు తోలుతాయి. ఒక డాల్ఫిన్‌ తోక ఊపి సైగ చేస్తుంది. అప్పుడు విసురు వల వేస్తాడు. ఇది నేటి మాట కాదు. ఫలానా డాల్ఫిన్‌ మా ఊరిది, అది తోలిన చేపలో వాటా మాకే రావాలని ఊళ్లవాళ్లు పంచాయితీలకెక్కేవారని అండర్సన్‌ 19వ శతాబ్దంలోనే రాశారు. 2005లో ఆ నదిలో కొంత భాగాన్ని వీటి కోసం రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అయినా కరెంటు పెట్టి చేపలు పట్టే ముఠాల వల్ల అక్కడి పాత స్నేహం పలచబడింది.

సముద్రాలు దాటి బ్రెజిల్‌ వెళ్లినా ఇదే కథ. లగూనా అనే ఊళ్లో మరో జాతి డాల్ఫిన్లు, జాలరులు కలిసి వేటాడతారు. అక్కడ పడేది కూడా మల్లెట్‌ చేపే కావడం విశేషం. 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం డాల్ఫిన్లు దగ్గరున్నప్పుడు వలలో చేప పడే అవకాశం 17 రెట్లు ఎక్కువ. వాటి సైగకు సరిగ్గా వల విసిరితే దాదాపు నాలుగు రెట్లు చేప దక్కుతుంది.

అన్నం పెట్టే వలే.. ఉరితాడు

ఇంత తెలివైన జీవికి ఎందుకు కష్టం వచ్చింది? జవాబు ఆ వలల్లోనే ఉంది. గుంజల వల దళసరిగా ఉంటుంది. డాల్ఫిన్‌ శబ్దాలకు ‘కనిపిస్తుంది’. సన్నటి నైలాన్‌ దారంతో అల్లిన వల అలా కాదు. నీళ్లలో ఉందో లేదో తెలీదు. చేప వెంట పడి వచ్చిన డాల్ఫిన్‌ తోకో, రెక్కో చిక్కితే పైకి రాలేదు. ఊపిరి అందక నిమిషాల్లో పోతుంది. చేపను వెతుక్కుంటూ వల దగ్గరకు రావడం దాని బతుకు. ఆ అలవాటే దాని చావు.

రెండో ముప్పు పడవలది. సాతపడ వైపు డాల్ఫిన్ల కోసం వచ్చే పర్యాటకులు ఏటా వేలల్లో. పడవ నడిపేవారు ఎవరు? చాలావరకు వేట గిట్టక ఇంజను పడవ పెట్టుకున్న జాలరి కుటుంబాలవారే. ‘డాల్ఫిన్‌ చూపించకపోతే డబ్బులివ్వం’ అని కూర్చునే పర్యాటకుడు ఓ పక్క, చూపిస్తే గానీ పూట గడవని పడవవాడు మరోపక్క. ఫలితం ఏమంటే తల కనిపించిన చోటికి నాలుగైదు పడవలు ఒక్కసారిగా ఉరుకుతాయి. పొడుగు కడ్డీకి బిగించిన ఇంజను రెక్కలు లోతులేని నీళ్లలో గిర్రున తిరుగుతుంటాయి. వాటి కోతలకు చచ్చిన డాల్ఫిన్లున్నాయి. చావకపోయినా ఆ హోరులో ‘టిక్‌ టిక్‌’ శబ్దాలు వినపడక వేట చెడుతుంది. పిల్ల తల్లి నుంచి తప్పిపోతుంది.

పొరుగు దేశాల్లో జరిగింది చూస్తే గుండె జారుతుంది. మెకాంగ్‌ నదిలో లావోస్‌, కాంబోడియా సరిహద్దు మడుగులో ఒకప్పుడు ఈ డాల్ఫిన్లే పర్యాటకుల్ని రప్పించేవి. 2022 ఫిబ్రవరిలో అక్కడ మిగిలిన ఒకే ఒక్కటి కూడా చనిపోయింది. అంతకుముందే అది వలలో చిక్కి తోకకు గాయమైందని అధికారులు చెప్పారు. థాయిలాండ్‌లోని సోంగ్‌ఖ్లా సరస్సులో మిగిలినవి పదిహేను లోపే. ఈ జాతి మొత్తాన్ని అంతరించే ప్రమాదమున్న జాబితాలో ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్‌) 2017లో చేర్చింది. మన వన్యప్రాణి రక్షణ చట్టం, 1972 కింద ఇది మొదటి షెడ్యూలు జీవి. అంటే పులికి ఉన్న రక్షణే దీనికీ ఉంది.

ముహాణ తెరిచారు.. రాత మారింది

చిలికా కూడా ఒకప్పుడు చావు అంచు దాకా వెళ్లొచ్చిందే. సముద్రంతో కలిపే ముహాణ పూడుకుపోయి, ఉప్పు తగ్గి, కలుపు పెరిగి, చేప పడిపోయింది. 1981లో అంతర్జాతీయ ‘రామ్‌సర్‌’ గుర్తింపు పొందిన సరస్సే, 1993 నాటికి ప్రమాదంలో ఉన్నవాటి జాబితాకెక్కింది. 1999-2000లో చేపల దిగుబడి రెండు వేల టన్నుల్లోపే.

2000 సెప్టెంబరు 23న చిలికా అభివృద్ధి సంస్థ సిపకుడా దగ్గర కొత్త ముహాణ తెరిచింది. సముద్రపు నీటి దారి 18 కిలోమీటర్లు దగ్గరైంది. 2001-02 నాటికి దిగుబడి దాదాపు 12 వేల టన్నులకు ఎగబాకింది. 2002లో ప్రమాద జాబితా నుంచి చిలికా బయటపడింది. అదే ఏడు రామ్‌సర్‌ అవార్డూ అందింది.

చేప తిరిగొస్తే డాల్ఫిన్‌ తిరిగొస్తుంది. వీపు రెక్క మీది గాట్లను వేలిముద్రల్లా వాడుకుని, ఫొటోలతో ఒక్కోదాన్నీ గుర్తుపట్టే పద్ధతిలో పరిశోధకులు 2004-06 మధ్య లెక్కించినప్పుడు తేలింది 110 దరిదాపుల్లో. 2018 లెక్కింపులో 155. 2025లో 159 ఇరావతి డాల్ఫిన్లు, సముద్రం నుంచి వచ్చిపోయే బాటిల్‌నోస్‌ రకం 15, మొత్తం 174 కనిపించాయి. ఆ ఏడు ఒడిశా మొత్తమ్మీద తేలిన డాల్ఫిన్లు 765. బంగ్లాదేశ్‌ తీరంలో ఇరావతి రకం వేలల్లో ఉన్నా, ఒక సరస్సులో ఇన్ని ఉండటం మాత్రం ప్రపంచంలో చిలికాకే చెల్లింది.

ఏడేళ్లలో పెరిగింది నాలుగంటే నాలుగే. ఏటా లెక్క కాస్త అటూ ఇటూ ఊగుతుంది తప్ప పరుగులు పెట్టదు. పిల్ల కోసం పద్నాలుగు నెలలు మోసే జీవికి ఒక్క ఆడ డాల్ఫిన్‌ వలలో పోయినా ఆ లోటు పూడటానికి ఏళ్లు పడుతుంది.

రంభ ఒడ్డుకు చుట్టం

గంజాం జిల్లా వారికి అసలు కబురు ఇక్కడుంది. చిలికాలో మన జిల్లాకు దక్కింది దక్షిణ భాగం. రంభ, ఖల్లికోట, పాలూరు కొండల అంచు. నీళ్లు ఇక్కడ లోతు, తేట. కానీ డాల్ఫిన్ల కోసం పూరీ జిల్లాలోని సాతపడ దాకా పోవాల్సిందే అన్నది మొన్నటి మాట. కారణం రొయ్యల ఘెరీలు. సరస్సులో వెదుళ్లు పాతి, వలలు చుట్టి, మైళ్ల కొద్దీ కట్టిన ఆ దడుల వల్ల డాల్ఫిన్ల దారులన్నీ మూసుకుపోయాయి.

చిలికా చుట్టూ వెయ్యి మీటర్ల లోపు రొయ్యల సాగు కుదరదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే చెప్పింది. ఏళ్ల తరబడి ఆ తీర్పు కాగితం మీదే ఉండిపోయింది. ఘెరీల వెనక పెద్ద పెట్టుబడిదారులూ ఉన్నారు, వేరే దారి లేక దిగిన చిన్నవాళ్లూ ఉన్నారు. 1999 మేలో సొరణ గ్రామంలో ఈ గొడవ ముదిరి, పోలీసు కాల్పుల్లో నలుగురు ప్రాణాలు కోల్పోయారు. చివరకు 2018 తర్వాత ఘెరీల తొలగింపు జోరందుకుంది. దడులు పోయాయి. నీళ్లు పారాయి. 2020లో రంభ వైపు డాల్ఫిన్లు మళ్లీ కనిపించాయి. దాదాపు మూడు దశాబ్దాల తర్వాత!

రంభ రాజుగారి కోట మెట్ల మీంచి చూస్తే కనిపించే నీళ్లివే. హౌరా-చెన్నై రైలు కిటికీలోంచి బరంపురం వారు లెక్కలేనన్నిసార్లు చూసిన నీళ్లివే. తాతల కాలంలో ఇక్కడ తిరిగిన జీవి మనవల కాలానికి తిరిగొచ్చింది. ఎవరూ పట్టి తెచ్చి వదల్లేదు. దారి తెరిస్తే తానే వచ్చింది.

తరిమితే పోతుంది

మరి ఉంటుందా? అది మన చేతుల్లో ఉంది. ఘెరీలు పీకిన చోటే మళ్లీ తలెత్తుతున్నాయన్న ఫిర్యాదులు ఆగలేదు. సన్న కన్నుల వలల మీద నిఘా చాలడం లేదు. ఇక డాల్ఫిన్‌ పేరు చెప్పి సాతపడ తరహా పడవల పరుగులు రంభలోనూ మొదలైతే, ముప్పై ఏళ్లకు వచ్చిన చుట్టం మూడేళ్లకే మూట కట్టుకుంటుంది.

అలాగని పర్యాటకం వద్దనలేం. పడవ కుటుంబాల పొయ్యి వెలిగేది దాని మీదే. కావాల్సిందల్లా ఇంజను ఆపి ఓపిక పట్టే పర్యాటకుడు, ‘చూపించకపోతే డబ్బులివ్వం’ అనని పర్యాటకుడు. ఇంజను ఆగిన పడవ దగ్గరకు డాల్ఫిన్లు వాటంతటవే వచ్చి తల చూపిన సందర్భాలు లేకపోలేదు. వెంటపడితే మాత్రం నీళ్లలో ఎక్కువసేపు దాక్కుని, దూరంగా ఎక్కడో తేలతాయి. కొత్త కోడల్ని చూడాలంటే వాకిట్లో మర్యాదగా కూర్చోవాలి. తలుపు తోసుకుని లోపలికి పోతే ఏ ఇంటి మర్యాదా కాదు.

చూడాలనుకునేవారికి..
* చలికాలం ఉదయాలు అనువైనవి. గాలి లేని రోజు నీటి మీద తల తేలిగ్గా కనిపిస్తుంది.
* డాల్ఫిన్‌ కనిపించగానే ఇంజను ఆపమని పడవవారిని మీరే అడగండి. వెంబడించమని తొందరపెట్టొద్దు.
* ఒకచోట ఇప్పటికే పడవలుంటే అక్కడికి వెళ్లకండి. పిల్లతో ఉన్నవాటికి మరింత దూరంగా ఉండండి.
* లైఫ్‌ జాకెట్‌ వేసుకోనిదే పడవ ఎక్కొద్దు. ప్లాస్టిక్‌ కవర్లు, సీసాలు నీళ్లలో పడేయొద్దు.
* వలలో చిక్కినదో, ఒడ్డుకు కొట్టుకొచ్చినదో కనిపిస్తే వెంటనే అటవీశాఖకు కబురు చేయండి. గోపాలపురం, ఋషికుల్య తీరంలోనూ ఇదే పద్ధతి.